ఒకే పొలములో పంటయు గురుగులును
(సర్ థామస్ మన్రో జీవితము నుండి కొన్ని తలంపులు)

ధ్యానమునకు: మత్తయి 13:24-30, రోమా 7:14-25

గోధుమలు, గురుగులు ఒకే పొలములో కోతకాలము వరకు కలిసి పెరిగిన ఉపమానము మనమందరము ఎరిగినదే. దానిని చదువునప్పుడు మనము మనుష్యులను రెండు కుప్పలుగా వేయుదుము. మంచివారు ఒక ప్రక్క, చెడ్డవారు ఒక ప్రక్క. మనలను మాత్రము తప్పక మంచి కుప్పలోనే పెట్టుకొందుము. అయితే పౌలు భక్తుడు రోమా సంఘమునకు వ్రాయుచు, మేలును కీడును తన యొక్కనిలోనే పోరాడుచున్నవని ఒప్పుకొనెను. ఆ మాట ఎంత నిజమో తెలిసికొనుటకు మన కర్నూలు, కడప సీమలు బాగుగ నెరిగిన ఒక మనుష్యుని జీవితమును చూతము.

థామస్ మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో పట్టణములో జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యములో చిన్న ఉద్యోగిగా మద్రాసు చేరెను. హైదరాలీతోను, టిప్పుసుల్తానుతోను జరిగిన యుద్ధములలో పనిచేసెను. పిమ్మట బారామహల్ ప్రాంతములో రీడు దొర క్రింద రెవెన్యూ పని నేర్చెను. 1800లో నిజాము ప్రభువు కడప, బళ్లారి సీమలను, నేటి కర్నూలు జిల్లాలోని పెక్కు తాలూకాలను కంపెనీకి అప్పగింపగా, ఆ దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉండెను.

ఆ దినములలో ఈ సీమలో ఇంచుమించు ఎనుబదిమంది పాళెగాండ్రు ఉండిరి. ఒక్కొక్కరికి కోట, ఆయుధములు పట్టిన బంట్లు. వారి కలహముల నడుమ రైతు నలిగిపోవుచుండెను. వారి బలమును అణచుట మేలైన పనియే. కాని మన్రో ఎంచుకొన్న మార్గము ఎట్టిది? వారిపై పేష్కషు హెచ్చుగా కట్టెను. ఆ భారముతో వారు బంట్లను పోషింపలేరనియు, బాకీపడినచో పాళెమును స్వాధీనపరచుకొనవచ్చుననియు ఆయన ఎరిగియే ఆ పని చేసెను. పాళెగాండ్రయెడల ఆయన నడిచిన తీరును సీమలోనున్న కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. పాళెము పోగొట్టుకొన్నవారిలో నొస్సం జయరామరెడ్డి ఒకడు. ఆయన మనుమడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. మన్రో చనిపోయిన ఇరువది యేండ్లకు, 1847 ఫిబ్రవరి 22న, కోయిలకుంట్లలో కంపెనీవారు అతనిని ఉరితీసిరి. ఒకనాడు నాటిన విత్తనము ఎంత కాలమునకు మొలచునో నాటినవానికి తెలియదు గదా!

పాళెగాండ్రు మాత్రమే కాదు, గ్రామస్థులును ఎదురు తిరిగిరి. 1801లో పత్తికొండ ప్రాంతమందలి తెర్నేకల్లు గ్రామము శిస్తు వసూలును ఎదిరించెను. కంపెనీ సైన్యము గ్రామకోటను ముట్టడించి పట్టుకొనెను. ప్రాణములు పోయెను. అది మన్రో యేలుబడిలోనే జరిగెను.

అయితే అదే మన్రో ఊరూర డేరా వేసికొని తిరిగెను. పొలము పొలము కొలిపించి, దళారి లేకుండ సర్కారే రైతుతో నేరుగా లెక్క చూచుకొను రైతువారీ పద్ధతిని ఇచ్చట నెలకొల్పెను. చెట్టు నీడలో కూర్చుండి రైతుల మొరలు వినెను. వారి భాషలను, ఆచారములను గౌరవించెను. ఆ రైతులమీదనే శిస్తును బరువుగా వేసినవాడును ఆయనే! ఏడేండ్లలో దత్తమండలముల రాబడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లాయెను. వానలు నమ్మరాని నేలలో, నల్లరేగడిలో జొన్న చల్లి ఆకాశమువైపు చూచు కుటుంబములకు ఆ భారమెట్టిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రియ చదువరులారా, ఈ జీవితములో నన్ను ఎక్కువగా ఆలోచింపజేయు సంగతి ఇదియే. 1807లో సెలవు పుచ్చుకొనుటకు ముందు మన్రో తాను వేసిన శిస్తు హెచ్చని తానే పైవారికి వ్రాసెను. అన్ని భూములపైనను నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, సర్కారు భాగము పంటలో మూడవ వంతుకు మించరాదనియు సిఫారసు చేసెను. రాబడి పెంచి మెప్పు పొందిన అధికారి, ఆ మెప్పును తెచ్చిన లెక్కనే దిద్దబూనెను. ఇది మేలే. కాని పైవారు ఆ మాట వినలేదు. పద్ధతినే మార్చి ఊళ్లను గుత్తలకిచ్చిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన పిమ్మటనే రైతువారీయు ఆ తగ్గింపును ఈ సీమకు వచ్చెను. నడుమ గడచిన పదుమూడేండ్లలో చితికిన రైతులకు ఆ ఏండ్లను ఎవరు తిరిగి ఇయ్యగలరు? పశ్చాత్తాపము అవసరమే, అది ఆలస్యమైనచో దాని వెలను తరచుగా ఇతరులు చెల్లింతురు.

గవర్నరుగా ఆయన 1822లో రాజధాని అంతటనున్న వీథిబడుల లెక్క తీయించెను. 1826లో ప్రతి జిల్లాకును, ప్రతి తాలూకాకును బడులు కావలెనని ఏర్పాటు చేసెను. ఈ దేశస్థులను పెద్ద కొలువులకు దూరముగ నుంచుట వారిని దిగజార్చుటయే అని 1824లో గట్టిగా వాదించెను. అట్లనియు ఆ యేలుబడిని స్థిరపరచుటకే తన ఆయుష్షునంతయు ధారపోసెను.

1827లో స్వదేశమునకు పోకముందు తాను ప్రేమించిన దత్తమండలములను కడసారి చూడవచ్చెను. దారిలో కలరా సోకి జూలై 6న పత్తికొండలో కన్నుమూసెను. తెర్నేకల్లు అచ్చటికి ఎంతో దూరము కాదు. గుత్తిలో పాతిపెట్టిన ఆయన దేహమును 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయమునకు మార్చిరి. పత్తికొండలో ఆయన పేర బావి త్రవ్వించి తోపు వేయించిరి.

జనులు ఆయనను మరువలేదు. తమ బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకొనిరి. కడప జిల్లా వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండను చీల్చుకొనివచ్చు గండివద్ద, చావు సమీపించిన పుణ్యాత్ములకే కనబడు బంగారు తోరణము ఆయనకు కనబడెనని కథ చెప్పుకొనిరి. దొరను ఋషిగా తలంచినవారును ఈ నేల జనులే. నరసింహారెడ్డిని పాటలలో నిలుపుకొన్నవారును ఈ నేల జనులే. ఆ రెండు జ్ఞాపకములును నిజమైనవే. ఒకదానితో రెండవదానిని తుడిచివేయరాదు.

మన సంగతి యేమి? సంఘములో పెద్దరికము చేయువారము, పొలము కౌలుకిచ్చువారము, కూలి లెక్క కట్టువారము, బిడ్డలను దిద్దువారము మనలో ఉన్నాము. మేలు చేయుచున్నామను తలంపుతోనే ఎవరినైన నలిపివేయుచున్నామేమో! దావీదు రాజు ఊరియా విషయమును నాతాను వచ్చువరకు తనకు తాను చెప్పుకొనలేదు. మన లెక్కల పుస్తకమును మనమే తెరచి, హెచ్చుగా వేసినదానిని నేడే తగ్గింతము. కోతకాలము యజమానునిది, నేటి దినము మాత్రము మనకు ఇయ్యబడియున్నది.