జంధ్యం తీసిన చేయి, డప్పు దించిన చేయి

మా తనకల్లు కరవు నేల. వేరుశనగ ఎండిన ఏడు మా మాదిగవాడలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. జనం బెంగళూరు బస్సెక్కుతారు. అక్షరం రాని మా అవ్వ ఆదివారపు ఆరాధనలో కీర్తనలన్నీ కంఠతా పాడేది. చదువు వచ్చాక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూస్తే పాటల తలపై రాగం, తాళం అచ్చయి ఉన్నాయి. ఎన్నో పాటల కింద ఒకే పేరు కనిపించింది: పురుషోత్తమ చౌదరి.

పేరు చివరి మాటను బట్టి కులాన్ని ఊహించే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. 1803లో పర్లాకిమిడి సమీపంలోని మదనాపురంలో, వంగ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో ఆయన జన్మించారు. సంస్కృతాంధ్రాలు అభ్యసించారు. క్రైస్తవ కరపత్రాలు చదివి, తనలో తాను తర్కించుకొని, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. జంధ్యం విసర్జించారు. ఆ రోజుల్లో దాని మూల్యం చిన్నది కాదు. బంధుత్వం, పంక్తి భోజనం, కులగౌరవం ఒక్కసారిగా పోతాయి. అటుపై ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాలలో పరిచర్య చేశారు. 1890లో మరణించారు. కులాచార పరీక్ష అనే గ్రంథం రాశారు. నూరుకు పైగా కీర్తనలు రచించారు.

ఆ కీర్తనలే ఆయన అసలు దానం. పాశ్చాత్య బాణీల్లో ఇరికించిన అనువాద గీతాలలో తెలుగు మాట ఊపిరాడక కొట్టుకుంటుంది. చౌదరి పల్లవిని, చరణాలను, దేశీ రాగతాళాలను ఆరాధనలోకి తెచ్చారు. చరణం ఒకరు అందుకుంటే పల్లవి అందరూ పాడవచ్చు; పుస్తకం అక్కర్లేదు. ఆలయ ద్వారం, బడి ద్వారం మూసుకున్న జనం గొంతులో ఆ విధంగా రాగం నిలిచింది. మా అవ్వకు రాగం పేరు తెలియదు, రాగం తెలుసు.

అయితే నన్ను కలతపెట్టే ప్రశ్న ఒకటుంది. చౌదరి కులాన్ని వదిలారు, తన కళను వదలలేదు. మా పెద్దలు మాత్రం రెంటినీ గడప బయటే వదలవలసి వచ్చింది. దీనికి చారిత్రక కారణం లేకపోలేదు. డప్పు కొట్టడం మాకు కళ మాత్రమే కాదు, ఊరు మోపిన వెట్టి కూడా. 19వ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులు జాతరలలో డప్పు కొట్టబోమని నిరాకరించి ఊరి ఆగ్రహానికి గురయ్యారు. అది తిరుగుబాటు, దానికి నేను నమస్కరిస్తాను. కానీ వెట్టితోపాటు వాద్యం కూడా అపవిత్రమన్న భావం మిగిలిపోయింది. మా తాత డప్పు అటక మీదనే చివికిపోయింది. కీబోర్డుకు లేని అంటు దానికెందుకు?

చౌదరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన జీవితమే మాకు ఆధారం. విశ్వాసం మారినవాడు తన సంగీతాన్ని వెంట తెచ్చుకోవచ్చని ఆయన ఆచరించి చూపారు. బ్రాహ్మణుడికి దక్కిన ఆ స్వేచ్ఛ మాదిగకూ దక్కాలి. ఎవరి ఆజ్ఞకూ లోబడక, ఎవరి చావుకూ పిలుపందుకోక, ఇష్టపూర్వకంగా మోగే డప్పు వెట్టి కాదు, ఆరాధన. ఆయన కీర్తనకు మా డప్పు తాళం వేసిన నాడే కులాచార పరీక్ష పూర్తవుతుంది.