పదవి వదిలి కళను పట్టుకున్న సాలార్‌జంగ్

పదవీ విరమణ అంటే తల నెరిశాక వచ్చేదని మనం అనుకుంటాం. పాతికేళ్ళకే ప్రధానమంత్రి పదవి వదులుకొని, తర్వాతి జీవితమంతా ఇష్టమైన పనికే వెచ్చించిన మనిషి ఒకరు హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయనే మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసఫ్ అలీఖాన్.

ఆయన 1889 జూన్ 13న పుణేలో పుట్టారు. నెల తిరగకుండానే తండ్రి రెండవ సాలార్‌జంగ్ కన్నుమూశారు. తాత, తండ్రి ఇద్దరూ నిజాం సంస్థానానికి దివాన్లుగా పనిచేసినవారే. 1912లో ఏడవ నిజాం ఈయనకూ ఆ పదవి ఇచ్చారు. 1914లో ఆయన దాన్ని వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. జాగీరు రాబడిలో అధికభాగం కళాఖండాల కొనుగోలుకే పోయేది. ఆయన అభిరుచి తెలిసిన వర్తకులు దేశదేశాల నుంచి దివాన్ దేవిడికి వచ్చేవారు.

ఆయన సేకరణలో జేడ్ వస్తువులది ప్రత్యేక స్థానం. ఉర్దూలో దీన్ని యష్మ్ అంటారు. తెలుపు, లేతాకుపచ్చ రంగుల్లో నున్నగా మెరిసే ఈ రాయి ఉలికి లొంగదు. గట్టి రాతిపొడిని నీటితో కలిపి, తిరిగే చక్రాలతో ఓపిగ్గా అరగదీయాలి. చైనాలో క్రీస్తుకు పూర్వమే ఈ రాతితోనూ, బంగారు పూత పూసిన కంచుతోనూ నడికట్టు కొక్కేలు చేసేవారు. మొగలుల కాలంలో మన దేశంలో ఇదే రాయి బాకు పిడి అయింది, పానపాత్ర అయింది. ఇల్‌టుట్‌మిష్ పేరున్న గ్రంథపీఠం, జహంగీర్ బాకు, నూర్జహాన్‌దని చెప్పే పండ్లకత్తి, షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాని ఉంగరం సాలార్‌జంగ్ సేకరణలోనివే.

1949 మార్చి 2న ఆయన మరణించారు. వారసులుగా బిడ్డలు లేరు. ఇన్నేళ్ళు కూడబెట్టినదంతా వాటాలు పడి చెల్లాచెదురయ్యే ప్రమాదం వచ్చింది. ప్రభుత్వం ఒక కమిటీని వేసి ఆస్తిని కాపాడింది. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడిలోనే మ్యూజియంను నెహ్రూ గారు ప్రారంభించారు. 1958లో బంధువులు రాజీకి వచ్చి సేకరణ మొత్తాన్ని జాతికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

ఆయన దివాన్‌గిరీ చేసింది రెండేళ్ళ పైచిలుకు మాత్రమే. ఆ రెండేళ్ళలో ఏం చేశారో ఈనాడు చెప్పగలిగేవారు తక్కువ. ఆ తర్వాతి ముప్పై నాలుగేళ్ళలో చేసిన పని చూడటానికి మాత్రం జనం ఇప్పటికీ బారులు తీరుతున్నారు. ఆ మ్యూజియం తలుపులు తెరుచుకోవడం చూసే భాగ్యం ఆయనకే దక్కలేదు. మన సభ్యుల్లో చాలామంది గంటల గడియారం చూసి వచ్చేసి ఉంటారు. ఈసారి మనవలతో వెళ్ళినప్పుడు జేడ్ గదిలోనూ కాసేపు ఆగండి.