తెల్లని అన్నాన్ని ప్రశ్నించిన వైద్యుడు – తకాకి కనేహిరో

రోగాన్ని కలిగించేది ఎల్లప్పుడూ విషమే కానక్కరలేదు. పదిమందీ మెచ్చినది, పెద్దలు శ్రేష్ఠమని నిర్ణయించినది అయిన ఆహారం కూడ ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకం కావచ్చును. ఈ సత్యాన్ని గ్రహించి, దానిని అంకెలతో నిరూపించి, వేలాది నావికుల ప్రాణాలను కాపాడిన మహనీయుడు జపాను దేశీయుడైన తకాకి కనేహిరో. విద్యార్థిలోకం తెలుసుకొనదగిన జీవితం ఆయనది.

తకాకి 1849లో జపాను దక్షిణ భాగంలోని క్యూషు ద్వీపంలో, సత్సుమా సంస్థానానికి చెందిన ఒక సామాన్య సమురాయ్ కుటుంబంలో జన్మించారు. బాల్యంలో సంప్రదాయ వైద్యం నేర్చుకొన్నారు. 1868 నాటి అంతర్యుద్ధంలో సేనల వెంట వైద్యునిగా వెళ్ళినప్పుడు, పాశ్చాత్య వైద్యం నేర్చినవారు గాయపడిన సైనికులను కాపాడే తీరు చూచి తమ విద్య చాలదని గుర్తించారు. పిదప కగోషిమాలో విలియం విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుని వద్ద శిష్యరికం చేసి, 1872లో నౌకాదళ వైద్యశాఖలో చేరారు. 1875లో ప్రభుత్వం ఆయనను లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలకు పంపింది. అక్కడ ఐదు సంవత్సరాలు చదివి, ఉన్నత పట్టాలతో 1880లో స్వదేశానికి తిరిగివచ్చారు.

ఆనాడు జపానును పీడిస్తున్న మహావ్యాధి బెరిబెరి. జపాను భాషలో దానిని కక్కె అంటారు. మొదట కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, పట్టు తప్పుతాయి, వాస్తాయి. తుదకు గుండె బలహీనపడి రోగి మరణిస్తాడు. విచిత్రమేమంటే ఈ వ్యాధి నిరుపేద పల్లెలకన్న రాజధానినే ఎక్కువగా ఆశ్రయించింది. ముతక ధాన్యం తినే గ్రామీణులు రాజధానికి వచ్చి తెల్లని బియ్యం తినడం మొదలిడగానే జబ్బుపడేవారు. స్వగ్రామానికి మరలిపోతే కోలుకొనేవారు. అందువలన రాజధాని పేరు మీదుగా దీనిని ఎడో జబ్బు అని పిలిచేవారు. అయినను అనుమానం అన్నం మీదికి పోలేదు. బాగా దంచి, తవుడంతా పోగొట్టిన మల్లెపువ్వువంటి బియ్యం సంపదకు, గౌరవానికి గుర్తు. దానిలో దోషముండునని ఎవరు తలపగలరు?

నౌకాదళం పరిస్థితి దారుణంగా ఉండేది. 1882లో 4,769 మంది నావికులలో 1,929 మందికి బెరిబెరి సోకగా 51 మంది మరణించారు. లండనులో ఉన్న ఐదేండ్లలో తకాకి ఈ వ్యాధిని చూడనే లేదు. ఈ వ్యత్యాసం ఆయనను ఆలోచింపజేసింది. ఓడలలో నివాసం, దుస్తులు, పని, వాతావరణం అన్నింటినీ పరిశీలించారు. ఒకే ఓడలో, ఒకే గాలి పీల్చే అధికారులకు జబ్బు అరుదు, సామాన్య నావికులకు అధికం. ఇద్దరికీ భేదం కంచంలోనే కనిపించింది. కూరల కొరకు ఇచ్చే డబ్బును నావికులు మిగుల్చుకొని, అధికభాగం తెల్లన్నంతోనే కడుపు నింపుకొనేవారు.

అంతలో రియూజో అనే శిక్షణనౌక న్యూజిలాండు, దక్షిణ అమెరికా, హవాయిల మీదుగా ప్రయాణించి 1883లో తిరిగివచ్చింది. 376 మందిలో 169 మందికి వ్యాధి సోకింది. 25 మంది మరణించారు. హవాయిలో మాంసము, కూరగాయలు లభించిన తరువాత మిగిలినవారు తేరుకొన్నారు. తకాకి దీనిని అవకాశంగా తీసుకొన్నారు. 1884లో బయలుదేరనున్న త్సుకుబా నౌకను అదే మార్గాన నడిపించాలని, ఆహారం మాత్రమే మార్చాలని పట్టుబట్టారు. ఖర్చు అధికమని అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆయన మంత్రులను ఒప్పించారు, చక్రవర్తికి సైతం విన్నవించారు. చక్రవర్తి తానే బెరిబెరి బాధను అనుభవించినవాడు కనుక విన్నపాన్ని శ్రద్ధగా ఆలకించాడు.

త్సుకుబాలో 333 మంది ప్రయాణించారు. వారికి మాంసం, చేపలు, పాలు, రొట్టె, కూరగాయలు ఇచ్చారు. 287 రోజుల యాత్ర ముగిసేసరికి ఒక్కరూ బెరిబెరితో మరణించలేదు. జబ్బుపడినవారు ఇంచుమించు పదిహేను మంది. వారిలో చాలమంది కొత్త ఆహారాన్ని ముట్టనివారే. రొట్టె నావికులకు రుచించనందున 1885 నుండి బియ్యంలో బార్లీ కలిపి పెట్టసాగారు. ఆ సంవత్సరం 6,918 మందిలో రోగులు 41 మంది, మరణాలు లేవు. 1886లో 8,475 మందిలో రోగులు ముగ్గురు మాత్రమే.

ఇంతటి విజయం తరువాత దేశమంతా ఆయన మాట విని ఉండాలి. కాని అట్లు జరగలేదు. సైన్యపు వైద్యశాఖ పెద్దలు జర్మను విద్యను అభ్యసించినవారు. ప్రతి వ్యాధికి ఒక క్రిమి ఉండితీరాలని వారి విశ్వాసం. ప్రసిద్ధ నవలాకారుడు కూడ అయిన సైనిక వైద్యుడు మోరి ఓగాయ్ ఆహారాలను పరీక్షించి, శక్తి లెక్కన తెల్ల బియ్యానిదే పైచేయి అని తేల్చారు. ఆ కొలత తప్పు కాదు. కాని కొద్ది రోజుల పరీక్షలో నెలల తరబడి తిన్న తిండి ఫలితం తెలియదు. తవుడుతోపాటు పోయినది ఆ త్రాసుకు అందేది కాదు.

నిజానికి తకాకి చెప్పిన కారణమూ సరియైనది కాదు. ఆహారంలో మాంసకృత్తులు తగ్గి, పిండిపదార్థాలు మితిమీరడమే రోగకారణమని ఆయన భావించారు. ప్రతిపక్షులు ఈ లోపాన్ని పట్టుకొని, సిద్ధాంతంతోపాటు వైద్యాన్నీ త్రోసిపుచ్చారు. కొన్ని దళాల వైద్యులు బార్లీ ఇచ్చి సత్ఫలితాలు చూచినప్పటికీ యుద్ధరంగానికి పంపినది తెల్ల బియ్యమే. పేద రైతుబిడ్డలకు కడుపునిండ తెల్లన్నం పెట్టడమే సైన్యం చూపే పెద్ద ఆదరణ. ఫలితంగా 1904–05 నాటి రష్యా యుద్ధంలో సుమారు రెండున్నర లక్షల మంది సైనికులు బెరిబెరి పాలయ్యారు. సుమారు 27,000 మంది మరణించారు. ఆ యుద్ధంలోనే నౌకాదళంలో ఈ వ్యాధి దాదాపు లేదు. 1905లో గాని సైన్యం బార్లీకి అంగీకరించలేదు.

అసలు కారణం క్రమంగా బయటపడింది. జావాలో పనిచేసిన ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లన్నం తిన్న కోళ్ళు పక్షవాతం వంటి జబ్బుకు గురియగుటను, తవుడు పెట్టగా కోలుకొనుటను 1890 దశకంలో ప్రకటించారు. 1926లో జావాలోనే తవుడు నుండి ఆ పదార్థాన్ని స్ఫటిక రూపంలో వేరుచేశారు. అదే థయమిన్ అనే బి1 విటమిన్. బార్లీలోనూ, మాంసంలోనూ అది ఉండుటవలననే తకాకి వైద్యం ఫలించింది.

తకాకి సేవ నౌకలకే పరిమితం కాలేదు. 1882లో టోక్యోలో పేదలకొరకు ధర్మవైద్యశాలను స్థాపించారు. 1885లో జపానులో మొట్టమొదటి నర్సుల శిక్షణాలయాన్ని నెలకొల్పారు. ఆయన ప్రారంభించిన వైద్యవిద్యాలయం నేటికీ జికేయి విశ్వవిద్యాలయంగా వెలుగొందుతున్నది. 1905లో ప్రభుత్వం బారన్ బిరుదుతో సత్కరించగా, ప్రజలు ముద్దుగా బార్లీ బారన్ అని పిలుచుకొన్నారు. 1920లో ఆయన పరమపదించారు.

ఈ గాథ మనకు దూరపుది కాదు. మర బియ్యం వ్యాపించిన రోజులలో మన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుపడ్డాయి. ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలలో అది అరుదు. పచ్చి బియ్యం తినే మన తీరంలో అధికం. ధాన్యాన్ని ఉడికించినప్పుడు ఆ విటమిన్ పైపొర నుండి గింజలోనికి దిగుటయే ఈ భేదానికి కారణం. ఈ వ్యాధి పరిశోధనకై 1918లో కూనూరులో ఒకే గదిలో ఆరంభమైన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థగా నిలిచియున్నది.

ఆహారాన్ని గూర్చిన సలహాలకు ఏ కాలంలోనూ కొదువ లేదు. సలహా ఎంత పెద్దవారిదైనా దానికి అంతిమ పరీక్ష తిన్నవారి ఆరోగ్యమే. తకాకి పెద్దలను ధిక్కరించలేదు. రోగులను లెక్కించారు, పోల్చి చూచారు, ఫలితాన్ని అందరి యెదుట ఉంచారు. తన వివరణలో లోపమున్నను లెక్కలో లోపం లేనందున ఆయన వైద్యం నిలిచింది. వినయంతో ప్రశ్నించుట, ఓర్పుతో పరీక్షించుట – ఈ రెండు గుణాలను అలవరచుకొన్న విద్యార్థి ఏ శాస్త్రంలోనైనా సమాజానికి మేలు చేయగలడు.