రఫీ సాహెబు నడిపిన రాత్రి తపాలా

నేను పార్లమెంటుకు తరచు నడిచిపోయే రఫీ మార్గం ఎవరి పేరిట వెలసినదో నేటి యువ సభ్యులలో ఎందరు చెప్పగలరన్నది సందేహమే. 2025 అక్టోబరులో, పదమూడేళ్ళ తరువాత స్పీడ్‌పోస్టు ధరలను సవరించినప్పుడు నాకు రఫీ అహ్మద్ కిద్వాయీ స్ఫురణకు వచ్చారు.

1894లో బారాబంకీ జిల్లా మసౌలీ గ్రామంలో జన్మించిన కిద్వాయీ అలీగఢ్‌లో చదివి, సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళి, అనంతరం మోతీలాల్ నెహ్రూకు కార్యదర్శి అయ్యారు. 1937లో సంయుక్త రాష్ట్రాలలో మంత్రి పదవి నిర్వహించారు. స్వతంత్ర భారత తొలి మంత్రివర్గంలో తంతి తపాలా వ్యవహారాలు ఆయన చేతికి వచ్చాయి.

1949లో రాత్రి విమాన తపాలా ప్రారంభమయింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల విమానాలు నడిరేయి నాగపూరులో కలుసుకొని, తపాలా సంచులు మార్చుకొని, తెల్లవారేసరికి తిరిగి చేరేవి. అంతకన్న ఘనమైనది, మామూలు ఉత్తరాన్ని సైతం అదనపు రుసుము లేకుండా విమానమెక్కించిన నిర్ణయం. వేగం ధనికుల సొత్తు కాదని ఆయన ఆచరణలో చూపారు.

1951లో కాంగ్రెసును వీడి, తిరిగి వచ్చి, 1952లో ఆహార శాఖ చేపట్టి ధాన్యంపై కంట్రోళ్ళను సడలించారు. 1954 అక్టోబరు 24న ఢిల్లీలో కన్నుమూశారు. చేతికందినదంతా పరులకు పంచిన ఆ మంత్రి మిగిల్చి వెళ్ళినవి అప్పులే.

2025లోనే రిజిస్టర్డు పోస్టు స్పీడ్‌పోస్టులో విలీనమయింది. ఉత్తరాలు తగ్గాయి, ఖర్చులు పెరిగాయి. ధరల సవరణ అనివార్యమే కావచ్చు. కాని కోర్టు నోటీసుకో, ఉద్యోగపు ఉత్తర్వుకో తపాలా బంట్రోతు కోసం ఎదురుచూసే పల్లెలు ఇంకా ఉన్నాయి. ధర నిర్ణయించే ముందు సభ ఒక్కసారి రఫీ మార్గం వైపు చూడటం మంచిది.