గెలిచినా దక్కని ప్రభు బిరుదు: జేమ్స్ ఆన్స్‌లీ జీవితం

ఐర్లాండ్ ప్రభు వంశాల చరిత్రలో ఆన్స్‌లీ కుటుంబపు దాయాది వ్యాజ్యం సుప్రసిద్ధమైనది. బాల్యంలోనే తండ్రినీ, స్వదేశాన్నీ కోల్పోయిన జేమ్స్ ఆన్స్‌లీ పెద్దవాడై తిరిగివచ్చి పినతండ్రిపై దావా గెలిచారు. అయినా తండ్రి బిరుదు ఆయనకు దక్కలేదు. జేమ్స్ ఔరస పుత్రుడే కాదని వాదించిన ఆ పినతండ్రి సంతానానికీ చివరకు అదే ప్రశ్న ఎదురైంది.

జేమ్స్ 1715లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని డన్‌మెయిన్‌లో జన్మించారు. తండ్రి ఆర్థర్ ఆన్స్‌లీ నాలుగవ ఆల్థమ్ బ్యారన్. తల్లి ఆర్థర్ ధర్మపత్ని మేరీ షెఫీల్డ్ అన్నది జేమ్స్ వాదన. ఆ దంపతులు త్వరలోనే విడిపోయారు. మరొక స్త్రీతో జీవితం సాగించిన తండ్రి బాలుణ్ణి నిరాదరించడంతో అతడు డబ్లిన్ వీధుల పాలయ్యాడు.

1727 నవంబరులో ఆర్థర్ మరణించారు. అన్నకు ఔరస సంతానం లేదంటూ తమ్ముడు రిచర్డ్ బిరుదును స్వీకరించారు. 1728 ఏప్రిల్‌లో ఆయన పన్నాగంతో బాలుణ్ణి బలవంతంగా పట్టుకొని అమెరికా వెళ్లే ఓడ ఎక్కించారు. అక్కడ డెలావేర్ ప్రాంతంలో జేమ్స్ ఒప్పంద కూలీగా అమ్ముడుపోయి సుమారు పన్నెండేళ్లు వెట్టిచాకిరీ చేశారు. ఈలోగా 1737లో రిచర్డ్‌కు ఇంగ్లండ్‌కు చెందిన ఆంగ్ల్‌సీ ఎర్ల్ బిరుదు, ఐర్లాండ్‌కు చెందిన వాలెన్షియా వైకౌంట్ బిరుదు, వాటితో పాటు విస్తారమైన ఎస్టేట్లు సంక్రమించాయి.

1740లో జేమ్స్ జమైకాకు చేరి బ్రిటిష్ నౌకాదళంలో నావికుడిగా కుదిరారు. ఆయన వృత్తాంతం అడ్మిరల్ వెర్నన్ దృష్టికి రావడంతో స్వదేశానికి తిరిగివచ్చే మార్గం ఏర్పడింది. అయితే 1742లో ఇంగ్లండ్‌లోని స్టెయిన్స్ వద్ద ఆయన చేతిలోని తుపాకి పేలి ఒక వ్యక్తి మరణించాడు. రిచర్డ్ ఈ అవకాశాన్ని వదులుకోలేదు. జేమ్స్‌కు ఉరిశిక్ష పడేలా చూసేందుకు ధనం వెదజల్లారు. కానీ అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమని తేలడంతో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానం జేమ్స్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

1743 నవంబరులో డబ్లిన్‌లోని ఎక్స్‌చెకర్ న్యాయస్థానంలో అసలు వ్యాజ్యం విచారణకు వచ్చింది. వివాదం పైకి మీత్ కౌంటీ భూములదే అయినా, జ్యూరీ తేల్చవలసింది జేమ్స్ ఎవరి కొడుకన్నది. అతడు జగ్గీ లాండీ అనే పనిమనిషికి పుట్టిన అక్రమ సంతానమని ప్రతివాది పక్షం వాదించింది. జేమ్స్‌ను ఉరితీయించడానికి పదివేల పౌండ్లయినా వెచ్చిస్తానని రిచర్డ్ తనతో చెప్పినట్లు ఆయన న్యాయవాదే సాక్ష్యమిచ్చారు. కక్షిదారు, న్యాయవాదుల మధ్య గోప్యత ఈ సాక్ష్యానికి అడ్డు కాదని న్యాయమూర్తులు నిర్ణయించారు. చట్టవిరుద్ధ ప్రయోజనం కోసం జరిగే సంభాషణకు గోప్యత రక్షణ లేదన్న ఈ సూత్రమే తరువాత 1872 నాటి భారత సాక్ష్య చట్టంలోని 126వ సెక్షన్‌లోనూ చోటు చేసుకుంది. సుమారు పక్షం రోజుల విచారణ అనంతరం జ్యూరీ జేమ్స్ పక్షాన తీర్పు చెప్పింది.

అయితే తీర్పు అమలుకు నోచుకోలేదు. రిచర్డ్ పై న్యాయస్థానాలను ఆశ్రయించి కాలయాపన సాగించారు. మేరీ షెఫీల్డ్‌కు బిడ్డే పుట్టలేదని చెప్పిన ఆమె పరిచారిక మేరీ హీత్‌పై తప్పుడు సాక్ష్యం అభియోగం మోపగా, 1745లో ఆమె నిర్దోషిగా బయటపడింది. దానితో జేమ్స్ జన్మవృత్తాంతంపై సందేహం మళ్లీ తలెత్తింది. వ్యాజ్యం నడపడానికి ధనం చాలక, బిరుదు చేపట్టకుండానే 1760 జనవరిలో జేమ్స్ కన్నుమూశారు. మరుసటి ఏడాది రిచర్డ్ కూడా మరణించారు.

అప్పుడు పాత ప్రశ్న కొత్త తరం ముందుకు వచ్చింది. రిచర్డ్ కుమారుడు ఆర్థర్ 1744లో జన్మించగా, అతని తల్లి జూలియానా డోనవన్‌తో రిచర్డ్ వివాహం బహిరంగంగా జరిగింది 1752లో. అంతకు ముందే, 1741లో, రహస్యంగా పెళ్లి జరిగిందని కుటుంబం చెప్పింది. ఐర్లాండ్ ప్రభువుల సభ ఈ మాటను అంగీకరించి ఆర్థర్‌ను వాలెన్షియా వైకౌంట్‌గా గుర్తించింది. లండన్‌లోని ప్రభువుల సభ మాత్రం 1771లో దానిని తిరస్కరించింది. ఒకే వ్యక్తి ఒక రాజ్యంలో ఔరసుడు, మరొక రాజ్యంలో కాదు. ఆంగ్ల్‌సీ ఎర్ల్ బిరుదు రిచర్డ్‌తోనే అంతరించినట్లయింది.

ఐర్లాండ్‌లో ఆర్థర్ 1793లో మౌంట్‌నారిస్ ఎర్ల్ అయ్యారు. ఆయన కుమారుడు జార్జ్ ఆన్స్‌లీ 1802లో భారత యాత్రకు బయలుదేరి, భారత్, సింహళం, ఎర్రసముద్ర తీరాలను చూసి, 1809లో తన యాత్రా గ్రంథాన్ని ప్రచురించారు. జార్జ్ కుమారుడు తండ్రి కంటే ముందే మరణించాడు. 1844లో జార్జ్ మృతితో మౌంట్‌నారిస్ ఎర్ల్ పదవితో పాటు, జేమ్స్ జీవితమంతా పోరాడిన ఆల్థమ్ బ్యారన్ బిరుదు కూడా అంతరించింది. వాలెన్షియా బిరుదు దూరపు దాయాదులకు చేరింది.

బిరుదు మాసిపోయినా కథ మిగిలింది. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1886లో వెలువరించిన కిడ్నాప్డ్ నవలకు జేమ్స్ జీవితమే ప్రేరణ అని పలువురు సాహిత్య పరిశీలకులు భావిస్తారు. ఆ నవలలోనూ తండ్రి ఆస్తి దక్కనీయకుండా బాలుణ్ణి ఓడ ఎక్కించేది రక్తసంబంధీకుడే. అయితే నవలా నాయకుడికి చివరకు దక్కిన ఆస్తి, నిజ జీవితంలోని జేమ్స్‌కు గెలిచిన తీర్పు చేతిలో ఉన్నా అందలేదు.