ముందు తన పొలం పంచిన ఆసామి

సోషలిజం అనగానే చాలామంది ఆడవాళ్ళకు ఒకటే బెరుకు. కష్టపడి కట్టుకున్న ఇల్లు, దాచుకున్న నాలుగు కాసుల బంగారం సర్కారు పట్టుకుపోతుందేమోనని! ఆ సిద్ధాంతాన్ని నమ్మిన మన సీమ మనిషి ఒకాయన తన ఆస్తిని ఏం చేశారో చూద్దామా?

తరిమెల నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న అనంతపురం జిల్లా తరిమెలలో, బాగా కలిగిన భూస్వాముల ఇంట పుట్టారు. చిన్నప్పుడు చదివింది మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో. తర్వాత మద్రాసు లయోలా, ఆపైన కాశీ విశ్వవిద్యాలయం. చదువుకునే రోజుల్లోనే కమ్యూనిస్టు అయ్యారు.

ఆయన చెప్పింది అర్థంకానిదేమీ కాదు. ఇల్లు, పాడి, మెడలో తాళి మన వాడుకకు ఉన్నవి. వాటితో ఎవరికీ పేచీ లేదు. వందల ఎకరాలు ఒకరి చేతిలో ఉండి, అందులో కలుపు తీసే అమ్మకు సెంటు నేల లేకపోవడమే పేచీ. ఆమెకూ కాస్త పొలముంటే అప్పుకోసం ఇంకొకరి గడప తొక్కే పని తగ్గుతుంది, బిడ్డ బడికి పోతుంది. ఊరికి చెప్పడమే కాదు, తన భూమిని కూలీలకు పంచేశారు కూడా.

ఈ రాజకీయం ఇంట్లోకీ వచ్చింది. తోబుట్టువు నాగరత్నమ్మ భర్త నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ నాయకుడు. 1952లో అనంతపురంలో బావా బావమరుదులు ఎదురెదురుగా నిలబడ్డారు. నాగిరెడ్డి గెలిచారు. పుట్టిల్లు ఒకవైపు, మెట్టినిల్లు ఒకవైపు! ఏ ఆడపడుచుకైనా సంకటమే కదా.

1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులొస్తే గుళ్ళుండవు, కాపురాలుండవు అనే భయం పాకింది. ఎదుటి పార్టీలూ ఒక్కటయ్యాయి. నూటికి 31 ఓట్లు పడినా, 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కింది 15. ఆ ఏడే సంజీవరెడ్డి మన శ్రీకాళహస్తిలో గెలిచారు. 1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి పార్లమెంటుకు వెళ్ళారు.

జనం భయం ఊరికే పుట్టలేదు. రష్యాలో రైతుల పొలాలను బలవంతంగా కలిపేసిన కాలం ఒకటుంది. నాగిరెడ్డి కూడా 1969లో శాసనసభ్యత్వం వదిలి విప్లవం దారి పట్టారు. అది చాలామందికి నచ్చలేదు. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగా 1976 జూలై 28న కన్నుమూశారు.

ఆ దారి మనకు నచ్చకపోవచ్చు. కానీ సోషలిజమంటే మన బంగారం పోతుందని ఈసారి ఎవరైనా అంటే, ఎవరిది, ఎవరికి, ఎలా అని ఒక్కమాట అడిగి చూడండి.