అంటోన్ మకరెంకో

అంటోన్ సెమ్యోనోవిచ్ మకరెంకో (మార్చి 13, 1888 - ఏప్రిల్ 1, 1939) ఉక్రెయిన్‌లో జన్మించిన సుప్రసిద్ధ సోవియట్ విద్యావేత్త, రచయిత. యుద్ధాల వలన ఇల్లూవాకిలీ కోల్పోయి, దొంగతనాలకూ దోపిడీలకూ అలవాటుపడిన బాలబాలికలకు విద్య నేర్పి, వారిని బాధ్యతగల పౌరులుగా తీర్చిదిద్దే పనిలో ఈయన తన జీవితంలో అనేక సంవత్సరాలు గడిపాడు. సాధారణ పాఠశాలలో ఇమడలేని పిల్లవానికి దండన, జాలి కాక మూడవ మార్గం కూడా ఉన్నదని ఆచరణలో చూపినందువలన విద్యాచరిత్రలో ఈయనకు ప్రత్యేక స్థానం కలదు.

బాల్యము, విద్యాభ్యాసము

మకరెంకో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని బెలోపోల్యే పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం తరువాత ఉక్రెయిన్‌లోని సుమీ ప్రాంతంలో చేరింది. తండ్రి సెమ్యోన్ రైల్వే వర్క్‌షాపులో రంగులు వేసే కార్మికుడు. 1901లో ఈ కుటుంబం క్రెమెన్చూగ్ నగరాన్ని ఆనుకొని ఉన్న క్ర్యూకోవ్‌కు తరలివెళ్ళింది. మకరెంకో క్రెమెన్చూగ్‌లో చదువు ముగించి, ఒక సంవత్సరం ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1905లో పదిహేడేళ్ళ వయసులో క్ర్యూకోవ్ రైల్వే పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. 1914లో పోల్తావా ఉపాధ్యాయ విద్యాలయంలో ప్రవేశించి, 1917లో బంగారు పతకంతో ఉత్తీర్ణుడయ్యాడు.

గోర్కీ కాలనీ

మొదటి ప్రపంచయుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం, వాటి వెంట వచ్చిన 1921 నాటి కరువు లక్షలాది పిల్లలను దిక్కులేనివారిని చేశాయి. వారు రైల్వేస్టేషన్లలో నిద్రిస్తూ, గుంపులు కట్టి దొంగతనాలు చేస్తూ బ్రతికేవారు. ఇటువంటి బాలనేరస్థుల కొరకు ఒక కాలనీ, అనగా అక్కడే నివసిస్తూ, పని చేస్తూ, చదువుకొనే సంస్థ, స్థాపించే బాధ్యతను 1920లో పోల్తావా విద్యాశాఖ మకరెంకోకు అప్పగించింది. పోల్తావాకు సమీపంలో ఇసుక నేలల మధ్య శిథిలమైన కొన్ని భవనాలు మాత్రమే ఆయనకు లభించాయి. తలుపులు, కిటికీలు, పొయ్యిలు, చివరకు తోటలోని చెట్లు కూడా అంతకు ముందే ఎత్తుకుపోబడ్డాయి. 1921లో ఈ కాలనీకి ప్రసిద్ధ రచయిత మాక్సిం గోర్కీ పేరు పెట్టారు.

మొదట వచ్చిన కొద్దిమంది యువకులు ఉపాధ్యాయులను లెక్కచేయలేదు. రాత్రివేళ ఊరిమీద పడి దొంగతనాలు చేశారు. మకరెంకో ఎన్నో బోధనా గ్రంథాలు తిరగవేసినా, ఆ పరిస్థితికి పనికివచ్చే సలహా వాటిలో దొరకలేదు. వంటకు కట్టెలు కొట్టమన్నప్పుడు జదోరోవ్ అనే యువకుడు ఆయనను ఏకవచనంలో సంబోధించి అవమానకరంగా సమాధానం చెప్పాడు. మకరెంకో నిగ్రహం కోల్పోయి అతనిని కొట్టాడు. ఆ వెంటనే అందరూ గొడ్డళ్ళు తీసుకొని ఆయన వెంట అడవికి వెళ్ళి కట్టెలు కొట్టారు. ఈ సంఘటనను మకరెంకో తరువాత తన గ్రంథంలో దాచకుండా వ్రాశాడు. దానిని ఒక పద్ధతిగా సమర్థించలేదు, తన వైఫల్యంగానే పరిగణించాడు. తమకంటె బలహీనుడైన మనిషి అంతగా సహనం కోల్పోవడం వెనుక తమ గురించిన ఆవేదన ఉన్నదని పిల్లలు గ్రహించారే తప్ప, వారిని మార్చినది దెబ్బ కాదని ఆయన అభిప్రాయం.

బోధనా పద్ధతి

కాలనీ అనుభవం నుండి మకరెంకో క్రమంగా ఒక పద్ధతిని రూపొందించుకొన్నాడు. అందులోని ముఖ్యాంశాలు ఇవి.

గతాన్ని మరచిపోవుట: కొత్తగా వచ్చిన పిల్లల నేర చరిత్రను చదవడం ఆయన మానివేశాడు. ఉపాధ్యాయుడు దొంగ అనే దృష్టితో చూసినంతకాలం పిల్లవాడు దొంగగానే ప్రవర్తిస్తాడని ఆయన నమ్మకం. గతం గురించి ఎవరూ ప్రశ్నించరాదనేది కాలనీలో నియమమయింది.

దళాలు: పిల్లలను చిన్న దళాలుగా విభజించి, ప్రతి దళానికి ఒక నాయకుని ఏర్పరచాడు. దళనాయకుల మండలి కాలనీ వ్యవహారాలను నిర్ణయించేది. ఇవికాక, ఒక పొలం దున్నడం వంటి పని కొరకు కొద్ది రోజులపాటు మాత్రమే ఉండే మిశ్రమ దళాలు కూడా ఉండేవి. వీటికి శాశ్వత దళనాయకులు కాక ఇతరులు నాయకత్వం వహించేవారు. కనుక నిన్న ఆజ్ఞలిచ్చినవాడు నేడు ఆజ్ఞలు పాటించవలసి వచ్చేది. ఆజ్ఞాపించడం, పాటించడం రెండూ తెలిసినవాడే సంఘజీవితానికి తగినవాడవుతాడని మకరెంకో భావించాడు.

గౌరవము, బాధ్యత: ఒక వ్యక్తిని ఎంత ఎక్కువగా గౌరవిస్తామో, అతని నుండి అంత ఎక్కువగా ఆశించాలనేది ఈయన ప్రధాన సూత్రం. కరబానోవ్ అనే యువకుడు దీనికి ఉదాహరణ. దోపిడీ చేసి పట్టుబడిన ఇతనిని మకరెంకో ఒకనాడు గుర్రంపై పట్టణానికి పంపి, కాలనీకి రావలసిన పెద్దమొత్తాన్ని తెమ్మన్నాడు. తిరిగివచ్చినపుడు సొమ్ము లెక్కపెట్టకుండానే లోపల పెట్టాడు. ఈ పాత్రకు మూలమైన సెమ్యోన్ కలబాలిన్ పెద్దవాడై తానూ ఉపాధ్యాయుడయ్యాడు. 1972లో మరణించేవరకు అనాథ బాలల గృహాలలోనే పనిచేశాడు.

రేపటి ఆనందం: పిల్లవాని ముందు ఎప్పుడూ ఎదురుచూడదగినది ఏదో ఒకటి ఉండాలి. అది నేటి సాయంకాలపు నాటక ప్రదర్శన కావచ్చు, వచ్చే వేసవి యాత్ర కావచ్చు, ఉన్నత విద్య కావచ్చు. దగ్గరి ఆనందం నుండి దూరపు లక్ష్యానికి నడిపించడమే ఉపాధ్యాయుని పని అని ఆయన చెప్పేవాడు.

కుర్యాజ్

1926లో గోర్కీ కాలనీ ఖార్కోవ్ నగరానికి సమీపంలోని కుర్యాజ్‌కు తరలింది. అక్కడి పాత క్రైస్తవ మఠంలో దాదాపు 300 మంది పిల్లలు మురికిలో, ఆకలితో, ఏ క్రమశిక్షణా లేకుండా ఉండేవారు. మకరెంకో తనతో వచ్చిన సుమారు 120 మందితో ఈ బాధ్యతను స్వీకరించాడు. వారు బ్యాండు మేళంతో, బారులు తీరి అక్కడకు ప్రవేశించారు. కుర్యాజ్ పిల్లలకు క్షవరం చేసి, కొత్త దుస్తులు ఇచ్చి, పాత గుడ్డలను తగలబెట్టి, అందరినీ ఒకే సంఘంగా కలిపారు. పెద్దలు మార్చలేని పిల్లలను తోటి పిల్లలు మార్చగలరనే ఆయన విశ్వాసానికి ఇది గొప్ప పరీక్ష.

విమర్శలు

మకరెంకో విధానాన్ని నాటి విద్యాశాఖాధికారులు, బోధనాశాస్త్రవేత్తలు అనేకులు అంగీకరించలేదు. దళాలు, కవాతు, శిక్షలు సైనిక పద్ధతులని ఆక్షేపించారు. 1928 మే నెలలో లెనిన్ భార్య, విద్యావేత్త నదేజ్దా క్రుప్స్కాయా యువజన మహాసభలో ఈ కాలనీని తీవ్రంగా విమర్శించింది. అదే సంవత్సరం జూలైలో గోర్కీ స్వయంగా కుర్యాజ్‌కు వచ్చి పిల్లలతో మూడు రోజులు గడిపి సంతోషించాడు. అయినను, సెప్టెంబరులో మకరెంకో ఆ కాలనీని విడిచిపెట్టవలసి వచ్చింది.

సంఘానికి ప్రాధాన్యమిచ్చి వ్యక్తిని తక్కువ చేశాడనే విమర్శ ఆయన మరణానంతరం కూడా కొనసాగింది. సంఘంలో ఇమడలేని సున్నిత మనస్కుడైన పిల్లవానికి ఇటువంటి చోట కలిగే బాధను ఆయన పద్ధతి తగినంతగా పట్టించుకోలేదు. రహస్య పోలీసు శాఖ నిర్వహణలోని సంస్థలో ఆయన పనిచేయడం కూడా చర్చనీయాంశమయింది.

ద్జెర్జీన్‌స్కీ కమ్యూన్

1927 చివర ఖార్కోవ్ వద్ద రహస్య పోలీసు శాఖ నెలకొల్పిన ద్జెర్జీన్‌స్కీ కమ్యూన్‌కు మకరెంకో అధిపతి అయ్యాడు. ఇక్కడి పిల్లలు రోజుకు నాలుగు గంటలు కర్మాగారంలో పనిచేసి, మిగిలిన సమయంలో పూర్తి స్థాయి ఉన్నత పాఠశాల విద్య పొందేవారు. 1932 నుండి విద్యుత్ డ్రిల్లులను, ఆ తరువాత జర్మన్ లైకా కెమెరా నమూనాపై ఫెడ్ కెమెరాలను తయారుచేశారు. ద్జెర్జీన్‌స్కీ పూర్తిపేరులోని మొదటి అక్షరాలే ఫెడ్. ఒకప్పుడు తాళాలు పగలగొట్టిన చేతులు సూక్ష్మమైన కెమెరా భాగాలను అమర్చడం నాటి సందర్శకులను ఆశ్చర్యపరచింది.

రచనలు

గోర్కీ ప్రోత్సాహంతో మకరెంకో తన కాలనీ అనుభవాలను బోధనా కావ్యం అనే అర్థం వచ్చే పేరుతో నవలగా వ్రాశాడు. ఇది 1933-35 మధ్య మూడు భాగాలుగా వెలువడింది. తల్లిదండ్రుల కొరకు వ్రాసిన గ్రంథం 1937లోను, కమ్యూన్ జీవితం ఆధారంగా వ్రాసిన బురుజులపై జెండాలు అనే నవల 1938లోను వచ్చాయి.

చివరి రోజులు, ప్రభావము

1935లో కీవ్‌కు, 1937లో మాస్కోకు మారిన మకరెంకో, ఏప్రిల్ 1, 1939న మాస్కో సమీపంలోని గొలీత్సినో స్టేషనులో రైలులో ఉండగా గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. మాస్కోలోని నోవొదేవిచీ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

జీవించి ఉండగా అధికారుల ఆగ్రహానికి గురైన ఈయన విధానం, మరణానంతరం సోవియట్ ఉపాధ్యాయ శిక్షణలో పాఠ్యాంశమయింది. జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఈయన రచనలపై ప్రత్యేక పరిశోధన జరిగింది. ఇరవయ్యవ శతాబ్దపు విద్యా చింతనను ప్రభావితం చేసినవారిలో జాన్ డ్యూయీ, మరియా మాంటిస్సోరీ, కెర్షెన్‌స్టైనర్‌లతో పాటు మకరెంకోను కూడా పేర్కొంటారు. ఆయన దళాలు, కవాతులు ఆ కాలానికి, ఆ దేశానికి చెందినవి. కాని చెడ్డవాడని ముద్రపడిన పిల్లవానికి కొత్త పేరుతో జీవితం మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలని, అతని చేతికి నిజమైన బాధ్యత అప్పగించాలని ఆయన నేర్పిన పాఠం ఏ దేశపు ఉపాధ్యాయునికైనా పనికివచ్చేదే.